కందకుర్తి దారిలో ఆగిన జీపు

మొన్న పొద్దున చందూర్ నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ నిద్రలోనే పోయింది. కంఠేశ్వర్ నుంచి నేను చేరేసరికి వాకిలి నిండా మనుషులున్నారు. నేనెప్పుడు వెళ్లినా "తిన్నవా బిడ్డా?" అని పలకరించే గొంతు ఒక్కటే లేదు.

మీరామెను చూసి ఉండరు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆమె చీరంతా పొగ వాసన వేసేది. ఎవరైనా హడావిడి పడితే "ఉరికితే తొవ్వ తగ్గదు, దమ్మే తగ్గుతది" అనేది. నన్ను బస్సెక్కించడానికి వచ్చి, బస్సు కదిలేదాకా చెయ్యి వదిలేది కాదు. ఇప్పుడు బస్టాండుకు ఎందుకు పోవాలో తెలియడం లేదు.

ఆమె భర్త, మా పెద్దబాపుకు తన పాత జీపంటే ప్రాణం. కొన్నేళ్ల కిందట బోధన్‌లో దాని ఇంజన్ మొత్తం విప్పించి కొత్తగా కట్టిస్తుండగానే ఆయన చనిపోయాడు. అస్థికలు కలిపే నాటికి జీపు తయారై వచ్చింది. అయినా బంధువులు కారు మాట్లాడితే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"ఆయన జీపుల్నే పోవాలె. దానికోసం ఎంత ఎదురుసూసిండో నాకెర్క" అంది.

నేనే నడిపాను. పక్కన ఆమె, ఆమె ఒడిలో అస్థికల కుండ. బోధన్ దాటాక, చెరుకు తోటల మధ్య నూనె మాడిన వాసన వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే ఆయిల్ కొలిచే గేజీ పైకి తన్నుకొచ్చి ఉంది. ఇంజనంతా నూనె కారుతోంది.

వెనక కారులో వస్తున్న బావ దిగి చూశాడు. "ఇంజన్ మళ్ల విప్పాలె. కార్ల కూసో అత్తా, పోదాం."

"మీరు పోండ్రి. మేమొస్తం" అంది పెద్దమ్మ. కుండను సీటు మీద పెట్టి, పాతగుడ్డతో ఇంజన్ తుడవసాగింది. పెద్దబాపు ఉంటే చేసే పని అది.

నేను ఫోన్ చేస్తే ఇంజన్ కట్టిన ఉస్తాద్ స్కూటర్ మీద వచ్చాడు. అంతా చూసి, ఇంజన్ లోపలి పొగ బయటికిపోయే పైపులో వేలు పెట్టాడు. నల్లటి గుడ్డముక్క బయటికొచ్చింది. లోపలి గాలికి దారిలేక నూనెను తోసేస్తోందన్నమాట.

అతని ముఖం వాడిపోయింది. "నేనే పెట్టిన అవ్వా. కడిగేటప్పుడు నీళ్లు పోవద్దని. తీసుడు మర్సిన."

"పనిజేసెటోనికే తప్పయితది. కూసున్నోనికేమైతది?" అంది పెద్దమ్మ. "ఇంజన్ మంచిగున్నది గద, గంతే సాలు."

నూనె పోసి స్టార్ట్ చేస్తే జీపు నెమ్మదిగా, నిలకడగా మోగింది. ఆమె కళ్లు మూసుకుని కాసేపు ఆ చప్పుడే విన్నది. ఆయన పోయాక ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా కందకుర్తి చేరాం. నదులు కలిసేచోట నీళ్లలోకి దిగి, పిడికెడు ఇసుకతో చేతులు రుద్దుకుంది. గోళ్లలో నూనె నలుపు పోలేదు. ఇంకోసారి రుద్దింది. ఇక చాలనుకుందేమో, ఆ నల్లటి వేళ్లతోనే కుండ మీద గుడ్డ విప్పి, ఆయనను మెల్లగా నీళ్లలోకి వదిలింది.