ఎడ్ల మీద అచ్చులు

నాందేడ్‌లో మా ముందుగదిలో ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు అచ్చులు వేయడం నేర్పుతాను. వాళ్లకు నేను మావషీని, అంటే పిన్నిని. పెద్ద విద్యేమీ కాదు. ఆలుగడ్డను అడ్డంగా కోసి, చెంచా కొనతో చేపో సూర్యుడో చెక్కి, రంగులో అద్ది కాగితం మీద నొక్కడమే. బెండకాయ ముక్కతో అద్దితే పువ్వు పడుతుంది. రంగు ఎక్కువైతే బొమ్మ ముద్దవుతుంది, ఎత్తేటప్పుడు చెయ్యి జరిగితే అలుక్కుపోతుంది. ఈ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నాది ఊరుకునే నోరా!

"కాగితం మీద ఎవరైనా వేస్తారు. పోళా పండుగనాడు మా పుట్టింట్లో ఎడ్ల ఒంటి మీదే వేస్తాం" అని కోతలు కోశాను. పోళా అంటే శ్రావణ అమావాస్యకు మావైపు జరిపే ఎడ్ల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఒంటినిండా జాజు మట్టితో ఎర్రటి గుండ్రాలు అద్దుతారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. అంతటితో ఆగానా, అందరినీ తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చేశాను.

మా పుట్టిల్లు ధర్మాబాద్ దగ్గర, గోదావరి ఒడ్డు పల్లె. అక్కడ అన్న, వదిన ఉంటారు. ఆదివారం సాయంత్రాలు అన్నకు ఫోన్ చేస్తాను. "ఎడ్లు మంచిగున్నయా అన్న?" అంటాను. "మంచిగున్నయ్ చెల్లె" అంటాడు. కాసేపు వానల సంగతి మాట్లాడుకుని పెట్టేస్తాం. ఈసారి పిల్లలతో వస్తున్నానని చెబితే అన్న నసిగాడు.

"వానలు గదా చెల్లె, పిల్లలు తడుస్తరేమో..."

"తడిస్తే కరుగుతరా ఏంది!" అని మాట తుంచేశాను.

పండుగ నాడు ఎనిమిదిమంది పిల్లలతో, తోడుగా వచ్చిన ఇద్దరు తల్లులతో ధర్మాబాద్‌లో రైలు దిగి, ఆటోల్లో ఊరు చేరాం. వాకిట్లో తెల్లటి ఎడ్ల జత మెరిసిపోతోంది. నేను ఎరిగిన పాత జత కాదు.

"అవి ముసలివైనయ్. మార్చిన" అన్నాడు అన్న, నా మొహం చూడకుండానే.

పగ్గాలు మాత్రం పక్కింటి కాక చేతిలో ఉన్నాయి. "మీ అన్నకు మోకాలు నొస్తది బిడ్డా, నేన్ వట్టుకుంట తియ్" అన్నాడు. కొట్టంలో ఎడ్లు కట్టే చోట మోటర్‌సైకిల్, ఎరువు బస్తాలు కనిపించాయి. కళ్లుండీ చూడలేదు. నా ధ్యాసంతా పిల్లల మీదే.

ఎడ్ల మీద అద్దడం కాగితం మీద అద్దినట్టు కాదు. తడి చెయ్యి తగలగానే తోలు జలదరిస్తుంది, చేప తోక వంకరపోతుంది. వెంట్రుకల వాలు చూసి అద్దాలి. పిల్లలు కేరింతలు కొడుతూ చేపలు, సూర్యుళ్లు, బెండకాయ పువ్వులు నింపేశారు. తల్లులిద్దరూ ఫోటోలు తీస్తుంటే నేను ఆ ఎడ్ల పక్కన నిలబడి, వాటిని నేనే కన్నట్టు నవ్వాను.

సాయంత్రం ఊరి ఎడ్లన్నీ హనుమాన్ గుడి ముందు తోరణం కింద చేరాయి. తోరణం తెంపగానే పగ్గాలు వదిలేస్తారు, ఏ ఇంటి ఎద్దు ఆ ఇంటికి పరుగెడుతుంది. వాకిట్లో ఆడవాళ్లు కాళ్లు కడిగి, హారతిచ్చి, పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. వదిన పళ్లెంలో దీపం పెట్టుకుని గడపలో నిలబడింది. మాటిమాటికీ పక్కింటి వాకిలి వైపు చూస్తోంది. ఎడ్లు వస్తున్నాయేమోనని అనుకున్నాను.

మా పిల్లల చేపలు మోసుకుంటూ ఆ రెండు ఎడ్లూ వచ్చాయి. మా వాకిలి దాటి నేరుగా పక్కింట్లోకి పోయాయి.

"మావషీ, మన ఎడ్లు ఇల్లు తప్పాయి!" అని పిల్లలు వాటి వెంట పరుగెత్తారు. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కింటి కాక పాపం పగ్గం పట్టి ఇటు గుంజుతున్నాడు, అవి కదిలితేనా!

అన్న గట్టిగా అన్నాడు: "ఇడువు కాకా. వాటిల్లు అదే."

"మరి మీవి ఎక్కడ?" అంది ఒక చిన్నది.

"అమ్ముకున్న బిడ్డా."

నేల విచ్చితే బాగుండుననిపించింది. నాకు మొదట వచ్చిన సిగ్గు ఆ తల్లుల ముందు నా మాట పోయిందనే. ఆ వెంటే అన్న మీద కోపం ముంచుకొచ్చింది. ఒక్క మాట నాతో చెప్పడానికేం? నన్నిలా బజారున పడేస్తాడా? వదిన పోలెలను పిల్లలకు పంచుతుంటే, రైలుకు వేళయిందని ఆమెను తొందరపెట్టాను. అన్నకు సరిగ్గా పోయొస్తానని కూడా చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ చేశాను. "ఎడ్లు..." అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకేం అడగాలో తెలియలేదు. సొంత అన్నతో మాట్లాడటానికి నాకు మాట లేదు, ఛీ!

అన్నే అందుకున్నాడు. "మీ పిల్లల చేపలు ఇంకా పోలే చెల్లె. కాక ఎడ్లను కడుగుతలేడు, మంచిగున్నయని. రోజు మన ఇంటి ముంగట్నుంచే పోతయ్."

నవ్వి ఫోన్ పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది, పండుగనాడు పగ్గాలు పట్టుకుని పక్కింటి కాక చెప్పిన మాట. మళ్లీ చేశాను. వదిన ఎత్తింది.

"అన్న మోకాలు ఎట్లుంది వదినా?"

"ఏడాదాయె గద, ఇప్పుడు అడుగుతున్నవా?" అంది వదిన. "ఆ మోకాలికే గద ఎడ్లను అమ్మింది."