చెల్లో పాడింది, నేను షామియానా వేయించాను

బతికున్న మనిషికి అంతిమ ఏర్పాట్లు చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే. అదీ ఎవరికి? నాకు వాటా అద్దెకిచ్చిన ఇంటాయనకి. ఎప్పుడు? నా పెళ్ళి ఇంకా నెల్లాళ్ళుందనగా.

అనుమానం నాకు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి. మాది పెడన, చీరల వ్యాపారం. ఎంత నమ్మకస్తుడు తెచ్చిన పట్టుచీరైనా సరే, మా నాన్న ఒక పోగు లాగి, కాల్చి, వాసన చూసి గానీ పట్టు అని ఒప్పుకోడు. ఆయన కొడుకుని కనక పాలవాణ్ణీ, ఆటోవాణ్ణీ, వాన పడుతుందని చెప్పేవాణ్ణీ ఎవర్నీ నేను నమ్మను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి విజయవాడలో బ్రహ్మచారిగా ఇల్లు అద్దెకడిగి చూడలేదు, పాపం. ఊరంతా తిరగ్గా తిరగ్గా పటమటలో దేవసహాయం మాస్టారు దయతలిచారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. పై వాటాలో ఆయనా, భార్య సుగుణమ్మగారూ ఉంటారు. కింద వాటా నాకిచ్చారు. మైలవరంలో ఉన్న కాబోయే మామగారు ఆ కబురు విన్నాకే, "మర్యాదస్తుల ఇంట్లో వాటా దొరికింది కాబట్టి ముహూర్తం పెట్టిస్తున్నా" అన్నారు. అంటే నా పెళ్ళి మొత్తం ఆ వాటా మీదే నిలబడి ఉందన్నమాట.

మాస్టారికి ఒక్కటే వ్యసనం. చెల్లో. వయొలిన్‌కి పెద్దన్నయ్యలా ఉంటుంది, కాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తారు. ఎవరో విదేశీ మహావిద్వాంసుడు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన కచేరీల రికార్డులన్నీ ఆయన దగ్గరున్నాయి. రోజూ సాయంత్రం కళ్ళు మూసుకుని వింటారు. చేరిన కొత్తలో నన్నూ కూర్చోబెట్టారు.

"దీన్ని కన్చెర్టో అంటారోయ్. మన బుర్రకథే అనుకో. ఒక్కడు కథ చెప్తాడు, వెనక ఎనభైమంది వంత పాడతారు."

కాసేపటికి సంగీతం ఆగింది. హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టాను. మాస్టారు కళ్ళు తెరిచి, "ఆగవోయ్! ఇంకా రెండు భాగాలున్నాయి. ఆగినంత మాత్రాన అయిపోయినట్టు కాదు" అని కసిరారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అందుకే ఇంత కథ.

సుగుణమ్మగారు పామర్రులో చెల్లెలింటికి వెళ్ళిన మర్నాడు జరిగిందిది. పొద్దున్నే పైనుంచి చెల్లో మొదలైంది. సాయంత్రం వినే మనిషి పొద్దున్నే ఎందుకు పెట్టాడు? అనుమానం ఒకటి. అందులోనూ ఆ నెమ్మది భాగమే, దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టుండేది, అదే మళ్ళీ మళ్ళీ. అనుమానం రెండు. మా వాళ్ళలో ఎవరైనా పోతే మైకులో భగవద్గీత పెడతారు. పెద్ద నాయకులు పోతే టీవీలో ఇదిగో, ఇలాంటి తీగల ఏడుపే వేస్తారు. ఇంగ్లీషు మాస్టారి ఇంట్లో ఇంకేం వేస్తారు?

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తెల్లచీరలు కట్టుకున్న ఇద్దరమ్మలు వచ్చి, మాట్లాడకుండా మెట్లెక్కారు. బైబిలు చంకలో పెట్టుకుని పాస్టరుగారొచ్చారు. ఆ తర్వాత ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి నల్లటి పొడుగాటి పెట్టె ఒకటి దింపి, "నెమ్మది, నెమ్మది, తగలనీకండి" అనుకుంటూ ఇద్దరు పైకి మోసుకెళ్ళారు.

ఇంకేముంది, శవపేటికే! మా అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, మాస్టారు పోయినట్టున్నారే."

"అయ్యయ్యో! ఒరేయ్, నువ్వు పెళ్ళి కుదిరినవాడివి. చావింటి గడప తొక్కావంటే ఊరుకోను!"

"ఆ గడప కిందేనే నా కాపురం!"

"అయితే పైకెళ్ళకు. తొంగి కూడా చూడకు. అవునూ, పోయింది మంచి నక్షత్రమేనా? లేకపోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలేమో కనుక్కో."

ఆర్నెల్లు! అంటే వాటా పోయె, ముహూర్తం పోయె. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. సగం మాస్టారి కోసం, సగం నా కోసం. అబద్ధమెందుకు, నా సగమే కాస్త పెద్దది.

సరిగ్గా అప్పుడు పైన "ఆమేన్" అని అందరూ ఒక్కసారి అన్నారు. సంగీతం ఆగిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

పైకెళ్ళి చూడకూడదు, ఊరికే కూర్చోనూకూడదు. సుగుణమ్మగారికి ఫోన్ చేసి, మన దగ్గర ఇలాంటప్పుడు అందరూ చెప్పే మాటే చెప్పాను. "అమ్మా, మాస్టారికి ఒంట్లో బాగాలేదు. ఉన్నపళంగా బయల్దేరండి." ఆ మాటకి ఏం అర్థమో కృష్ణా జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. అవతల గొల్లుమన్నారు. టెంట్‌హౌస్‌కి ఫోన్ చేసి షామియానా, కుర్చీలు, ఫ్రీజర్ పెట్టె చెప్పాను. ఫ్రీజర్ కంకిపాడు నుంచి రావాలి, కాస్త ఆలస్యమవుతుందన్నారు. ఈలోగా గులాబీల దండ కూడా తెచ్చాను.

కుర్రాళ్ళు గునపాలతో గుంజలు పాతుతున్నారు. పైనుంచి ఓ గొంతు వినిపించింది.

"ఏమిటోయ్ ఆ తవ్వకాలు?"

తలెత్తాను. మాస్టారు! ఒక చేత్తో వయొలిన్ కమానులాంటిది పట్టుకుని, ముఖం వెలిగిపోతూ మెట్లు దిగి వస్తున్నారు. వెనక పాస్టరుగారు, తెల్లచీరల అమ్మలు.

"మీకు... సన్మానమండీ" అన్నాను. దండ చేతిలో ఉంది మరి. ఏం చెయ్యను, తీసుకెళ్ళి ఆయన మెళ్ళో వేసేశాను.

మాస్టారు కరిగిపోయారు. "నేను చెల్లో కొన్నానని నీకెలా తెలిసిందోయ్? ఇన్నాళ్ళూ ఆ విద్వాంసుడు వాయిస్తే విన్నాను, ఇక నేనే నేర్చుకుంటున్నా. పొద్దున్నుంచీ పెట్టిన ఆ నెమ్మది భాగంతోనే మొదలు. పాస్టరుగారినీ, చర్చి అమ్మల్నీ పిలిచి ప్రార్థన కూడా చేయించాను." కొత్త బండి కొన్నా, కొత్త మిక్సీ కొన్నా ప్రార్థన చేయించడం వాళ్ళింటి ఆనవాయితీ అని నాకప్పుడు తెలిసింది. మాస్టారు నా చెవి దగ్గరకొచ్చి, "మా ఆవిడకి మాత్రం చెప్పకు. మెల్లిగా నేను చెప్పుకుంటా" అన్నారు.

ఆవిడ అప్పటికే సగం దారిలో ఉన్నారు. ఇంతలో గేటు ముందు వ్యాన్ ఆగింది.

"ఫ్రీజర్ ఎక్కడ దించమంటారండీ? బాడీ కిందుందా, పైనుందా?"

శవం లేదు, చావు లేదు, ఫ్రీజర్ మాత్రం గుమ్మంలో ఉంది.

"ఇదెందుకోయ్?" అన్నారు మాస్టారు.

"ఎండలు కదండీ. సన్మానానికొచ్చినవాళ్ళకి ఐస్‌క్రీములు పెడదామని."

మాస్టారు ఆ ఆరడుగుల అద్దాల పెట్టెని చూశారు. తర్వాత మెళ్ళో దండ చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. ఆయన నోరు తెరిచేలోపే పామర్రు కారొచ్చింది. సుగుణమ్మగారు తలుపు తీస్తూనే షామియానా చూశారు, ఫ్రీజర్ చూశారు, దండని చూశారు.

"దేవుడా! దండ కూడా వేసేశారే!"

అక్కడినుంచి ఆవిడ ఒక్కరే ఎత్తుకుంటే వెనక కారు దిగిన బంధువులంతా అందుకున్నారు. కన్చెర్టో అంటే ఏమిటో నాకు ఆరోజే బాగా అర్థమైంది.

"సుగుణా, నేను నిలబడే ఉన్నాను కదే!" అని మాస్టారు అరిచారు.

ఆవిడ ఆగి, ఆయన చెంపలు రెండు చేతులా తడిమి చూసి, మళ్ళీ ఏడ్చి, భుజం మీద ఒక్కటేశారు. "మరి పొద్దున్నే ఈ మేళమంతా ఏంటి?"

మాస్టారు తలొంచుకున్నారు. "చెల్లో కొన్నాను. చెప్తే వద్దంటావని..."

"దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చానండీ. ఇప్పుడు మీరేం కొన్నా నాకు కోపం రాదు. రేపొస్తుంది, అది వేరే సంగతి."

ఇక మిగిలింది నేను. జరిగిందంతా ఒప్పేసుకున్నాను. మాస్టారు దండ తీసి నా చేతిలో పెట్టారు. "ఆగినంత మాత్రాన అయిపోయినట్టు కాదని నీకప్పుడే చెప్పానా లేదా?"

"తప్పయిపోయిందండీ. వాటా ఖాళీ చెయ్యమంటారా?" అన్నాను.

జవాబు సుగుణమ్మగారు చెప్పారు. "ఖాళీ చేసి ఎక్కడికెళ్తావు నాయనా? ఈ వయసులో ఈయన నేర్చుకునే వాయిద్యం నేనొక్కదాన్నే వినాలా? కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా. పెళ్ళి చేసుకుని ఆ పిల్లని కూడా తీసుకురా."

తీసుకొచ్చాను. ఇప్పుడు రోజూ సాయంత్రం మా నెత్తిమీద మాస్టారి సాధన జరుగుతుంది. ఆ మహావిద్వాంసుడి రికార్డులు ఎంత కమ్మగా ఉండేవో ఇప్పుడు తెలిసొస్తోంది. మా ఆవిడ మొదటి రోజే కంగారుగా అడిగింది, "ఏవండీ, పైన ఎవరైనా పోయారా?"

బెజవాడ దుర్గమ్మ సాక్షిగా, పాస్టరుగారి బైబిలు సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరైనా పోయారంటే, ఆ పోయినాయన స్వయంగా వచ్చి చెబితే తప్ప నమ్మను.