బొగ్గు ఇంకెంత ఉంది?

మాది సత్తుపల్లి దగ్గర, బొగ్గు గనిని ఆనుకున్న ఊరు. మా ఆయన గనిలో టిప్పర్ నడుపుతాడు. స్లాబ్ ఇల్లు, ఫ్రిజ్, బాబుకు ఇంగ్లిష్ మీడియం బడి, అన్నీ ఆ జీతంతోనే వచ్చాయి. బాబుకు దగ్గు కూడా ఆ గని దుమ్ము వల్లే వచ్చింది. దుమ్ముకు దూరంగా ఉంచమని డాక్టర్ చెప్పాక వాణ్ని దమ్మపేటలో మా అమ్మ దగ్గర వదిలాను. వాడు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, బొగ్గు అయిపోగానే ఇంటికి తీసుకెళ్తానని చెప్పి బస్సెక్కాను.

దేశంలో పొగ తగ్గడానికి బొగ్గు వాడకం తగ్గిస్తారని టీవీలో విన్నప్పుడల్లా నాకు ఆశ కలుగుతుంది. గని మూస్తే ఎట్లా బతుకుతామని ఆ వెంటనే భయం వేస్తుంది.

ఈ సాయంత్రం ఆయన నవ్వుతూ వచ్చాడు.

"గని ఇంకా పెంచుతున్నరంట. పనికి ఢోకా లేదు. ఇంక ఆ వార్తలు చూసి బెంగపడకు" అన్నాడు.

నాకు నిజంగానే ప్రాణం కుదుటపడింది. అంతలో బాబు ఫోన్ చేశాడు.

"అమ్మా, బొగ్గు ఇంకెంత ఉంది?"

"కొంచెమే ఉంది బిడ్డా."

"అయితే నాన్నను జల్దీ తవ్వమను."

పక్కనే వింటున్న ఆయన బయటికి వెళ్లిపోయాడు. అట్లాగే చెప్తానని వాడితో అన్నాను.