బాలింత కొంగ

మా ఇంట్లో దోమతెర నాలుగో తాడు కట్టడానికి గోడకు మేకు లేదు. ఆ మూలకు మా ఆయన కెమెరా ట్రైపాడ్ నిలబెట్టి దానికే కడుతున్నాను. నిన్న సాయంత్రం ముడి వేస్తుంటే, దీన్ని మోసుకుని చెరువు గట్టున నడిచిన ఆ పొద్దు గుర్తొచ్చి భుజం మళ్లీ లాగినట్టయింది.

ధర్మవరంలో మా ఆయనది ఫోటో స్టూడియో. పట్టుచీరల ఊరికి పెళ్లి ఫోటోల కొదవేముంటుంది? గడ్డం ఎత్తమనీ భుజం దించమనీ ఆయన సతాయించని కొత్త జంట లేదు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేసి, పొడుగాటి లెన్సొకటి కొని పక్షుల మీద పడ్డారు. అవి గడ్డం ఎత్తమంటే ఎత్తవు, అందుకే నచ్చాయట. అంతలో కంటి డాక్టరు చెప్పారు, ఒక కన్ను పోయినట్టేననీ, రెండోదీ మెల్లగా తగ్గుతుందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ. హిందూపురం అవతల ఒక చెరువుకు ఏటా ఎర్రకాళ్ల కొంగలు పిల్లలు చేసుకోవడానికి వస్తాయి, తల్లి పిల్లలతో ఉన్నప్పుడు ఒక్క ఫోటో తీసుకుంటే చాలన్నారు ఆయన.

చీకటితోనే బాడుగ కారులో బయల్దేరాం. ఆ ఏడాదంతా ఆస్పత్రులు తిరిగి తిరిగి నాకు అన్నం కన్నా నిద్ర మీదే ఆశ ఎక్కువైంది. పెనుకొండలో టీ గ్లాసు పట్టుకునే కునికాను. చెరువు దగ్గర దిగేసరికి బురద వాసన, చేపల వాసన, కొంగల రెట్టతో సున్నం కొట్టినట్టున్న చింతచెట్లు. ఆయన ఒక గూటికి ఎదురుగా ట్రైపాడ్ నిలబెట్టారు. ఎండ ఎక్కింది. నా మెడ పట్టేసింది. ఇక పోదామని నేను అనబోతుండగా తల్లి కొంగ వచ్చి వాలి, పిల్లలకు ఎండ తగలకుండా రెక్కలు విప్పి నిలబడింది. ఆయన మంచి కన్ను కెమెరాకు ఆనించి, బటన్ మీద వేలు పెట్టారు.

వెనక నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒక అవ్వ అంది. "ఏమప్పా, బాలింతను యాడన్నా ఫోటో తీస్తారా? ఆడబిడ్డలు కాన్పుకొచ్చినారు ఈడికి. దిష్టి తగల్తాది."

ఆయన వేలు తీసేశారు. "మరి ఎప్పుడు తీయాలవ్వా?"

"మూడో నెల పడినాక రా. పిల్లలు చెరువులో దిగుతాయి. కావల్సినన్ని తీసుకో."

అవ్వ తన దారిన వెళ్లిపోయింది. ఆయన లెన్సుకు మూత పెట్టడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "ఆమె పోయింది కదా, ఒక్కటి తీసుకోండి" అన్నాను.

"స్టూడియో ఉన్నప్పుడు పసిబిడ్డల ఫోటో తీసేదానికి పోతే, కాన్పు ఇండ్ల వాకిట్లోనే నిలబెట్టి, మూడో నెలకు రాప్పా అని ఎంతమంది పంపినారో. ఎవురి మాటన్నా కాదన్నానా? ఈ పొద్దు చూసేవాళ్లు లేరని తీస్తే ఎట్లా?"

"అప్పటికి కన్ను..." అని ఆగిపోయాను.

"ఉంటే ఉంటాది" అన్నారు, బ్యాగు సర్దుకుంటూ.

తిరుగు ప్రయాణంలో నాకు ఆ అవ్వ మీద, డాక్టరు మీద, అందరికన్నా ఈ మనిషి మంచితనం మీద కోపం వచ్చింది. ఏడవడానికి ఓపిక లేక కళ్లు మూసుకున్నాను.

మూడో నెల పడ్డాక మళ్లీ వెళ్లాం. పిల్లలు తల్లులంత ఎత్తు పెరిగి, చెరువులో మిగిలిన నీళ్లలో ముక్కులు ముంచి తిరుగుతున్నాయి. ఆయన చాలాసేపు కెమెరాకు కన్ను ఆనించి, పక్కకు జరిగారు. "నాకు నీళ్ల తెలుపే కనపడతాంది. నువ్వు చూసి చెప్పు" అన్నారు. దిగినదీ, ఎగిరినదీ, పక్కదాని చేప లాక్కున్నదీ అన్నీ చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు. అవే నెలలు. ఆ పిల్లలకు రెక్కలు రావడానికి సరిపోయాయి, ఆయన చూపుకు మాత్రం ఎక్కువైపోయాయి.