పక్క జట్టుకు వచ్చే పొగడ్తలు

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఒక సహాయ కేంద్రం. అందులో ‘రీఫండ్’ జట్టుకు పెద్ద అయిన రోడెలియో రోజూ పొద్దున్నే పందెసాల్ రొట్టెను కాఫీలో ముంచుకుంటూ, పక్క జట్టును పొగుడుతూ ఖాతాదారులు రాసిన ఉత్తరాలు చదివేవాడు. ఆ జట్టు పేరు ‘రీఫండ్ ప్రీమియర్’. దానికి పెద్ద ఫ్లోర్దెలిజా. ఉత్తరం మీది జట్టు పేరులో ‘రీఫండ్’ అన్న మాట కనిపిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ ఆ ఉత్తరాన్ని రెండు జట్లకూ పంచిపెట్టేది. పేరు పూర్తిగా సరిపోతేనే పంపమని నిబంధన మార్చడం రోడెలియో చేతిలో పనే. నిమిషం పట్టదు. కానీ ఆవిడను ఎవరు ఏమని మెచ్చుకున్నారో తెలియకపోతే అతనికి కాఫీ దిగదు. తెలిస్తే రొట్టె దిగదు. అన్నీ చదివి, ‘మాది కాదు’ అని రాసి, అంత్యక్రియలు జరిపినంత గంభీరంగా ఒక్కొక్కటే మూసేవాడు.

ఒకనాడు ఆవిడే వచ్చింది. “కుయా,” అని అన్నను పిలిచినట్టు పిలిచి, “మా ఉత్తరాలు మీ నెత్తిన పడుతున్నాయట! చెప్పొద్దూ?”

“నాకేం ఇబ్బంది లేదులే, ఇందాయ్,” అన్నాడు, చెల్లెలితో అన్నట్టు.

“మీకు లేదేమో. మీరు పళ్లు నూరుతుంటే మీవాళ్లకు ఫోన్లో మాటలు వినబడట్లేదట. మార్చేయండి,” అంటూ అక్కడివాళ్ల పద్ధతిలో, వేలికి బదులు పెదవులు సాచి కంప్యూటర్ వైపు చూపించింది.

మార్చాడు. మర్నాడు పెట్టెలో ఆవిడ జట్టు ఉత్తరం ఒక్కటీ లేదు. మధ్యాహ్నందాకా ఓర్చుకుని, “ఇవాళ ఎవరైనా మెచ్చుకున్నారా?” అని ఆవిడనే అడిగాడు.

“ఒక్కరూ లేరు కుయా.”

అంత తేలిగ్గా చెప్పిందంటే దాస్తోందన్నమాటే. విధి నిర్వహణలో భాగంగా పాత నిబంధన మళ్లీ పెట్టి, ఆనాటి ఉత్తరాలన్నీ తిరిగి పంచమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాడు. ఒక్క పొగడ్తా రాలేదు. ఆవిడ చెప్పింది నిజమే.

రోడెలియోకు ఒళ్లు మరీ మండింది. పొగడ్తలు చాలవన్నట్టు, నిజాయితీ కూడా ఆవిడకేనా?