వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఆదివారం పొద్దున మా వీధి చివరి ప్రార్థనాలయంలో మైకు మొదలైందంటే నేను చేస్తున్న పని ఆపేస్తాను. చిలకలూరిపేటలో హైవే మీద లారీల మోత ఎప్పుడూ ఉండేదే, దానికి చెవులు అలవాటుపడిపోయాయి. ఆ మైకులో పాటలు ముగిసి, "ఇప్పుడు సాక్ష్యాలు" అనే మాట వినపడితే మాత్రం ఒక్క మాట పోకుండా వింటాను. మొన్న ఒకావిడ, గొంతు వింటే చిన్న వయసే, "మా బాబుకి పూర్తిగా తగ్గిపోయిందండీ, దేవుడు ముట్టాడండీ" అని ఏడుస్తూ చెప్పింది. అందరూ స్తోత్రం అని కేకలు వేశారు. పప్పు కడుగుతున్న గిన్నె అలాగే పట్టుకుని, "డాక్టరుకి కూడా చూపించు తల్లీ" అని గోడకు చెప్పాను. ఇలా గోడలతో మాట్లాడే జబ్బు దీనమ్మ పిన్ని గుర్తొచ్చినప్పుడల్లా వస్తుంది నాకు.

దీనమ్మ నాకు సొంత పిన్నేమీ కాదు. ఆమె బైబిలమ్మ. మా రోజుల్లో మిషనువాళ్ళు చదువొచ్చిన ఆడవాళ్ళను కొందరిని జీతం మీద పెట్టుకుని, పల్లెలకు పంపి ఆడవాళ్ళకు వాక్యం చెప్పించేవారు. వాళ్ళను బైబిలమ్మలనేవాళ్ళం. దీనమ్మకు తెల్లచీర, నల్లగొడుగు, చంకలో గుడ్డసంచి. మొగుడు చిన్నప్పుడే పోయాడు, పిల్లలు లేరు. నోరు మాత్రం ఊరందరికీ సరిపడా ఉండేది. వానాకాలం రేగడి బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, ఎదురొచ్చిన మగవాణ్ణి సైతం, "ఏరా, పోయిన ఆదివారం గుళ్ళో కనపళ్ళా?" అని నిలదీసేది. నేను పేట పక్క పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. నేనూ మా ఆయనా బాప్తిస్మం తీసుకున్నది కూడా ఆమె మాటలు వినే. మా అత్త మాత్రం పోలేరమ్మను విడిచిపెట్టలేదు. ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలన్నట్టుండేది మా భక్తి.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నాకు తొలిచూలు మగపిల్లాడు పుట్టాడు. జీవరత్నం అని పేరు పెట్టింది దీనమ్మే. వాడు పాకడం నేర్చుకుంటున్న రోజుల్లో జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. ఆదివారం గుడి అయ్యాక బస్సెక్కి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోదామని మా ఆయన, పేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు, సెలవు కూడా అడిగి వచ్చాడు. శనివారం పొద్దంతా దీనమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. ఆదివారం తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది. పాలు తాగాడు. దీనమ్మ ముక్కు పట్టుకుని నవ్వాడు కూడా.

గుళ్ళో సాక్ష్యాల సమయంలో ఆమె ఆగలేకపోయింది. ఎవరికి ఏ మేలు జరిగినా లేచి నలుగురిలో చెప్పి దేవుణ్ణి పొగడటం మా పద్ధతి. దీనమ్మ లేచి, "మన శాంతమ్మ బిడ్డకు ప్రభువు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు" అంది. గుడంతా స్తోత్రమంది. నేను ఆనందంతో ఏడ్చాను. బయటికొచ్చాక మా ఆయన, "ఇంక గుంటూరెందుకే? ఇంతమందిలో చెప్పినాక కూడా ఆసుపత్రికి పోతే నమ్మనట్టు కాదూ?" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. సోమవారం సాయంత్రానికి జ్వరం తిరగబెట్టింది. మర్నాడు పొద్దున్నే బండి కట్టించుకుని రోడ్డు మీదికి వచ్చాం. బస్సు రాకముందే వాడు నా ఒళ్ళో పోయాడు.

తర్వాత అందరూ ఓదార్చడానికి వచ్చారు. పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు. ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టే ఉంది. మా అత్త పోలేరమ్మ పసుపు తెచ్చి గుమ్మానికి రాసింది. దీనమ్మ రాలేదు. ఆమె రానందుకు ఒక కోపం, వస్తే చూడవలసొస్తుందని ఇంకో కోపం. తిండి తినబోతే ముద్ద దిగేది కాదు, పడుకుంటే పక్క ముళ్ళకంప. ఇంట్లో ఒకచోట కూర్చోలేక వాకిలికీ పెరటికీ తిరుగుతుండేదాన్ని.

ఆ ఆదివారం మా ఆయన బలవంతం మీద గుడికి వెళ్ళాను. పాస్టరుగారు సాక్ష్యాలన్నారు.  అప్పుడు దీనమ్మ లేచింది. ఆమెను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు నేను.

"పోయిన ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానండీ" అంది. "జ్వరం తగ్గింది చూసి, రోగం పోయిందని చెప్పాను. అది దేవుడు నాతో చెప్పలా. నా సంతోషం కొద్దీ నేను చెప్పాను. నా మాట నమ్మి వీళ్ళు బస్సెక్కలా. ఎక్కితే బతికేవాడో లేదో నాకు తెలవదు. ఎక్కకుండా ఆపింది మాత్రం నేనే."

సాక్ష్యం చెప్పినవాళ్ళను చూశాం గానీ, వెనక్కి తీసుకున్నవాళ్ళను మా గుడి అంతకుముందు చూడలేదు. సంఘపెద్ద ఒకాయన లేచి, "కూర్చో దీనమ్మా! బయటోళ్ళు వింటే దేవుడి పరువేం కావాలి?" అని గద్దించాడు.

"ఆయన పరువు కాపాడ్డానికి నేనెవర్నండీ? ఆయనకి అబద్ధాలతో ఏం పని?" అంది దీనమ్మ.

తర్వాత నా ముందుకొచ్చి నిలబడింది. క్షమించమంటుందనుకున్నాను. అనలేదు. "నా బిడ్డని తెచ్చియ్యి" అన్నాను. పళ్ళు పటపట కొరుకుతూ అన్నాను.  నేను లేచి బయటికొచ్చేశాను.

ఆమె పని పోయింది. సంఘాన్ని కలవరపెట్టిందన్నారు. పొట్ట గడవాలి కాబట్టి మిరప కోతకు మాతో పాటు కూలికి వచ్చింది. కోతలో తలా ఒక సాలు, అంటే ఒక వరస చెట్లు, పట్టుకుని ఈ గట్టునుంచి ఆ గట్టుకు కోసుకుంటూ పోతాం. తన సాలు ముందుగా అయినవాళ్ళు, వెనకబడినవాళ్ళ సాలుకు అవతలి గట్టునుంచి కోసుకుంటూ ఎదురొస్తారు. అందరూ ఒక్కసారే గట్టెక్కాలని మా ఆడవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. నాకు మళ్ళీ నెల తప్పింది, వేవిళ్ళతో రోజూ వెనకబడేదాన్ని. వేళ్ళు మండుతున్నా, అలవాటు లేని చేతులతో, దీనమ్మే నా సాలుకు ఎదురొచ్చేది. చాలా రోజులు మాట్లాడలేదు నేను. ఒకరోజు రెండు బుట్టలూ ఎదురెదురుగా వచ్చి ఆగాయి.

"ఇంకా నమ్ముతున్నావా ఆయన్ని?" అని అడిగాను.

"పొద్దున నమ్ముతా. మధ్యాహ్నానికి తగువేసుకుంటా. సాయంత్రం మళ్ళీ ఆయన దగ్గరికే పోతా. ఇంకెవరున్నారమ్మాయ్ నాకు?"

"నాకు ప్రార్థన రావట్లేదు."

"రాకపోతే మానెయ్. తిట్టబుద్ధయితే తిట్టు. కీర్తనల్లో దావీదు తిట్టలా? ఆయనకి తెలియనట్టు తియ్యగా మాట్లాడమాక, అంతే."

ఆ మాటతో నా మనసు కుదుటపడిందని చెబితే అబద్ధం. కానీ ఆ రోజునుంచి తిట్టడం మొదలుపెట్టాను. మిరపచెట్ల మధ్య వంగి, పంటి బిగువున, నా బిడ్డ నీకేం అడ్డమొచ్చాడని అడిగేదాన్ని. మొదట అది నా కసి తీర్చుకోవడమే అనుకున్నాను. పోను పోను, లేనివాణ్ణి ఎవరూ ఇంతగా తిట్టరు కదా అని తోచింది.

ఆడపిల్ల పుట్టింది. దయామణి. అదీ సరిగ్గా పాకే వయసుకు వచ్చేసరికి జ్వరం తగిలింది.  కబురు పంపితే దీనమ్మ చేలో పనికి నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది. "ఇది బతుకుద్దని చెప్పు పిన్నీ. ఒక్క మాట చెప్పు" అని ఆమె చేతులు పట్టుకున్నాను.

"చెప్పను" అంది. కళ్ళనిండా నీళ్ళు. "ఒకసారి చెప్పి చూశాంగా. నాకు తెలవదు. నీతో వస్తా. ఆయనా వస్తాడనే నా నమ్మకం. ముందు బస్సు పట్టుకుందాం పద."

గుంటూరు బస్సులో నేను కిటికీ పక్కన, ఆమె నా పక్కన, పిల్ల మా ఇద్దరి ఒళ్ళలో. జిన్నింగు మిల్లులు దాటాయి, పత్తిచేలు దాటాయి. దీనమ్మ పెదవులు కదులుతున్నాయి. నాకు మాత్రం ఒక్కటే మాట వచ్చింది. "నువ్వుంటే చూడు" అన్నాను. జవాబేమీ రాలేదు. కానీ ఎవరో విన్నారనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. భయం పోలేదు, కానీ అది ఒంటరి భయం కాదు, పక్కన ఎవరో ఉన్న భయం.

పిల్ల దక్కింది. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాల్సిందేనని సంఘమంతా నన్ను పోరింది. ఆ ఆదివారం దీనమ్మ వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుంది. నేను లేచాను. 

"నాకు ఇద్దరు పిల్లలండీ" అన్నాను. "జీవరత్నం కోసం ప్రార్థన చేశాం, పోయాడు. దయామణి కోసం చేశాం, ఉంది. ఎందుకని అడిగితే ఆయన చెప్పలా. నేను అడగడం మానలా. రెండుసార్లూ నాతో ఉన్నాడని మాత్రం ఇప్పుడు అనిపిస్తంది. ఇంతే నా సాక్ష్యం."

 తలుపు దగ్గరనుంచి ఒక్క గొంతు, బొంగురుగా, స్తోత్రం అంది.

దీనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా సందేహాలు పోలేదు. పొద్దున ఒకటి తీరితే సాయంత్రానికి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. కొత్తగా పరిచయమైనవాళ్ళు పిల్లలెంతమందని అడిగితే ఇద్దరంటాను. అమ్మాయి గురించి చెబుతాను. అబ్బాయి ఎక్కడుంటాడని అడుగుతారు. దేవుడి దగ్గరంటాను.