రెండో కాగితం

ఇది ఎప్పుడో రాయవలసింది. కానీ నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, వయోజన బడిలో. ఇంకొకరి చేత రాయించడానికి మనసొప్పలేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మొన్న టీవీలో ఏదో దేశపు పెద్దలు, తమ ఎన్నికలు సవ్యంగా జరిగేలా చూడమని పరాయి దేశాలను అడుగుతుంటే, మా కళింగపట్నం గుర్తొచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

పందొమ్మిది వందల అరవైల చివర, నేను కాపురానికొచ్చిన కొత్తలో, మా పేట ఆడవాళ్ళం ఓటుకు వెళితే మా ఓట్లు అప్పటికే పడిపోయాయన్నారు. మా అత్త సిరా చుక్కయినా లేని వేలు గుమస్తా మొహం ముందు ఊపి, "నానెయ్యకుండా నా ఓటెలా పడిపోనాది బాబూ?" అంటే అతను నవ్వాడు. ఆ దొంగ ఓట్లు వేయించింది పడవల యజమాని అయిన మా పెదమావే. మేమంతా అతని దగ్గర చేపలు ఎండబెట్టి బతికేవాళ్ళం.

శ్రీకాకుళం నుంచి ఒక ప్లీడరు గారు, ఆయన స్నేహితులు వచ్చి, ఇక్కడ ఎవరూ వినడం లేదని, వచ్చే ఎన్నికలకైనా మనుషుల్ని పంపి చూడమని విదేశాల్లోని పేరున్న పెద్దలకు ఉత్తరం రాస్తున్నామని చెప్పి, మా వేలిముద్రలు తీసుకున్నారు. సముద్రం అవతల ఎవరో మా మాట వింటారని నేను మురిసిపోయాను.

వారం తిరక్కుండా పెదమావ ఇంకో కాగితం తెచ్చాడు. తప్పు చేసినవాడిలా మెత్తగా మాట్లాడుతూ, "ఏటే కోడలా, అలా సూస్తావు? ఆ ప్లీడరు బాబే పంపినాడు. దొరలకొకటి, ఢిల్లీకొకటి. ఏలెట్టు!" అన్నాడు. ఇంటి పెద్దవాడు కదా అని అందరం పెట్టేశాం.

తరవాత ప్లీడరు గారు దాని నకలు సంపాదించి తెచ్చి చదివారు. మా ఓట్లు మేమే వేసుకున్నామట, ప్లీడరు గారే బెదిరించి ముద్రలు వేయించుకున్నారట! ఇదుండగా ఆ ఉత్తరం పంపితే నవ్విపోతారన్నారాయన.

"ఓటూ ఆడే ఏసీసినాడు, మాటా ఆడే ఆడీసినాడు. రేపు మన కూడు కూడా ఆడే తినేస్తాడేటి!" అంది అత్త.

ఆ సాయంత్రమే పెదమావ అరసవల్లి ప్రసాదం పంచాడు. నేను చెయ్యి చాచలేదు. బొటనవేలిని ఇసుకతో తోమి తోమి ఎర్రగా చేసుకున్నాను.

చివరికి ఆ ఉత్తరం వెళ్ళింది గానీ, విదేశాల నుంచి జవాబేమీ రాలేదు. ఇప్పుడు మా పేటలో చదవలేని పిల్ల లేదు, ఓటేసిన వేలికి ఫోటోలు కూడా తీసుకుంటున్నారు. పెదమావ పటానికి దండలు వేసి సభలు చేస్తుంటారు. ఆ ప్లీడరు గారెవరో ఒక్కరికీ తెలియదు. అసహ్యం వేస్తుంది.

ఇసుకతో వేలు తోముకున్న మర్నాడు పొద్దున్న నేను చేపల పనికి పోలేదు. మొదటి బస్సుకు శ్రీకాకుళం వెళ్ళి, ప్లీడరు గారి చేత ఆ ఉత్తరానికి జత చేయడానికి జరిగింది జరిగినట్టు కొత్త కాగితం రాయించి, చదివించుకుని, ఆయన చిన్నబుచ్చుకున్నా సరే, దాన్ని బస్టాండుకు పట్టుకెళ్ళి ముక్కూ మొహం తెలియని ఒకాయన చేత మళ్ళీ చదివించుకుని, అప్పుడు పెట్టాను వేలు.